కప్పకండి

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, తీర్థాలు లేవు,
మా కాళ్ళకి పని లేదు.
కాలవలోకి కొత్త నీళ్ళు ఎర్రగా దిగుతున్నాయి.
మండపేట అవతల మూతబడ్డ రైసుమిల్లులో
ఊక వాసన మధ్య
స్టేజీ మాకు మేమే వేసుకున్నాం:
నాలుగు బల్లలు, ఒక పరదా,
జనరేటరు అబ్బులు అరువిచ్చిన రెండు లైట్లు.
టిక్కెట్టు లేదు. పోలీసు లేడు.
ఈల వేసేవాడుంటే వాడూ మావాడే.

సన్మానం తాయారుకి.
పాత నోటీసుల్లో 'మెరుపుతీగ మంగతాయారు'.
అంబాజీపేట నుంచి యానాం దాకా
కొబ్బరితోటల్లో, లారీ తొట్టి మీద
నలభై ఏళ్ళు ఆడిన మనిషి.
డెబ్బై ఒకటి ఇప్పుడు. మోకాలికి బెల్టు.
ఆటో దిగుతూనే దండ చూసి
"అప్పుడే ఫోటోకి వేసేస్తున్నారంటే? ఇంకా ఉన్నానే!" అంది.

నేను నరసాపురం లేసుపిల్లని.
డజను పువ్వులకింత అని
కిటికీ పక్కన వంగి వంగి అల్లినదాన్ని.
ఆటకి పోయానని తెలిసిన రోజు
మా వీధి నా పేరు మర్చిపోయింది.
ఆ రాత్రి రావులపాలెం బస్టాండులో
ఏం తిన్నావని అడిగింది తాయారొక్కర్తే.
తర్వాత నా చేతులు చూసి
"కొక్కెం పట్టిన వేళ్ళా? అయితే చెమ్కీలు కుట్టు."
అట్లా దొరికింది నాకో ఇల్లు,
గోడల్లేనిది, లారీ వెనక కట్టుకుని తిరిగేది.

ఆ ఇంట్లో
సూరీడమ్మ గజ్జెల్లో పన్నెండు మువ్వలు తక్కువ,
ఒక్కో ఊళ్ళో ఒక్కోటి రాలిందంటుంది.
ఆడవేషం కట్టే రాంపండు
పెళ్ళాం ఫోటో పక్కనే సవరం దాచుకుంటాడు.
జ్వరమొస్తే ఒకరి వంతు ఇంకొకరు ఆడతారు,
కూలి మాత్రం పడుకున్నవాళ్ళకే.

ఉపన్యాసాలు మాలో ఎవరికీ రావు.
రాంపండు మైకు పట్టుకుని, ఏడ్చి, తిరిగిచ్చేశాడు.
కాజాల పొట్లం పక్కనపెట్టి
నేను శాలువా మడత విప్పాను.

తాయారు చెయ్యడ్డం పెట్టింది.
"కప్పకండే.
కప్పుకో కప్పుకో అని మునసబన్నాడు, మా అన్నన్నాడు,
ముందు వరసలో కూచుని రెప్పెయ్యకుండా చూసినోడు
తెల్లారి కాలవగట్టు మీద ఎదురైతే వాడూ అన్నాడు.
మీరు కూడానా?"

రేకుల మీద వాన తప్ప చప్పుడు లేదు.

అప్పుడు నవ్వింది.
ఆ నవ్వుకే ఒకప్పుడు లాకుల దగ్గర బళ్ళు ఆగేవట.
"సరే, కప్పండి. విప్పడం ఎట్లాగో చూపిస్తా."

పాట వద్దంది. వాన చాలంది.
కుడిభుజం మీంచి శాలువా
వేలెడు జారింది. ఆగింది.
ఆమె మమ్మల్ని చూడలేదు,
ఎక్కడో దూలాల మీద
తనకి మాత్రమే తెలిసినవాళ్ళు కూచున్నట్టు అటు చూసింది.
మళ్ళీ పైకి ఎక్కించింది.
జరీ అంచు ఎడమ మోచేతి దాకా వచ్చి
మనసు మార్చుకుంది.
బెల్టు కట్టిన మోకాలు
ఒక్కసారి, ఒక్కటే దరువు.

జారాక లోపల ఉన్నది
నిండుగా కట్టుకున్న పాత నేతచీరే.
అయినా సూరీడమ్మ
లేని పళ్ళ మధ్య రెండు వేళ్ళు పెట్టి
ఈల వేసింది.

"చూశావంటే, లేసుపిల్లా,
తియ్యడం ఎవత్తయినా తీస్తది.
తీస్తానని నమ్మించి
వాళ్ళ ఊపిరి గుప్పిట్లో పెట్టుకుని
నీకిష్టమైనప్పుడు ఒదలడం, అదీ ఆట."

శాలువా నా మీదికి విసిరింది.
నా మీంచి రాంపండు భుజాలకి,
అక్కణ్ణించి అబ్బులుకి.
అబ్బులు సిగ్గుపడి జనరేటరుకి కప్పాడు.

వాన తగ్గలేదు. కాజాలు మెత్తబడ్డాయి.
అందరూ నడుం వాల్చాక
బ్యాటరీ లైటు కింద
జరీ అంచు ఊడదీయడం మొదలెట్టాను.
శ్రావణంలో వచ్చే కొత్తపిల్ల జాకెట్టుకి
సరిపోద్దని తాయారే చెప్పింది.

ఏ పిల్లని అడిగాను.

"ఎవత్తో ఒకత్తి. బస్టాండులో ఉంటది," అంది
అటు తిరిగి పడుకుంటూ.