మూడో గీత

నల్లపాడు రోడ్డులో మా ఆఫీసు.
కింద గోడౌను, పైన నేను.
ఘాటు మెట్లెక్కి వస్తుంది,
తుమ్ముతూనే ఇన్‌వాయిసులు కొడతాను.

చేరిన మొదటి వారం
లీడ్స్ నుంచి హేజెల్ రాసింది:
మీ తేమ రిపోర్టును
పించ్ ఆఫ్ సాల్ట్‌తో తీసుకుంటాం, అని.
నేను గబగబా జవాబిచ్చాను.
మేడమ్, మా సరుకులో ఉప్పు కలపం.
తేజ రకం, తొడిమ తీసింది,
కావాలంటే ల్యాబు కాగితం మళ్లీ పంపుతాను.
పంపాను కూడా.
రెండు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు.
మూడోనాడు పసుప్పచ్చటి నవ్వు మొహం ఒకటి వచ్చింది,
కింద, నెవర్ మైండ్.

ఆ మొహం నాకు కల్లోకి కూడా వచ్చింది.

బ్రాడీపేట కోచింగుకి డబ్బుల్లేక
గోడౌన్లో పాత తూకం పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నా.
టిక్కీలు రాసే గడిలో వాళ్ల మాట,
కేజీలు రాసే గడిలో మన మాట.
స్పిల్ ద బీన్స్‌కి ఎదురుగా
నోట్లో నువ్వుగింజ నానదు అని రాసి
ఆ పూట తెగ సంబరపడ్డాను.
వాళ్లవి చిక్కుడు గింజలు, మనవి నువ్వులు,
గింజ ఆగే నోరు ఏ దేశంలోనూ లేదన్నమాట.

బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్ అని మెయిలొస్తే
పేరయ్యగారు ప్లీడరుకి ఫోను కలపబోయారు.
కోర్టు కాదండీ, ఇక తేల్చాల్సింది మనమేనట, అన్నాను.
ఆ ముక్కేదో అనొచ్చుగా, అని విసుక్కున్నారు.
విసుక్కున్న నోటితోనే కిటికీలోంచి హమాలీ మేస్త్రీని
కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నావేరా, అని కేకేశారు.
ఆ చల్ల ఎవరు పోశారని
మేస్త్రీ అడగలేదు.

టచ్ బేస్‌కి ఎదురు గడి ఇప్పటికీ ఖాళీ.
నష్టమేం లేదు.
ఆ మాట అన్నవాళ్లెవరూ మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

ఇంతలో నాగూర్ వలీ పోయాడు.
ముప్పై ఒక్కేళ్లు కాటా దగ్గర నిలబడ్డ మనిషి.
గుప్పెడు కాయలు నలిపి, చెవి దగ్గర పెట్టుకుని
తేమ ఎంతో మిషను కంటే ముందు చెప్పేవాడు.
ఆ వారం కంటైనరు ఎందుకు కదల్లేదో
హేజెల్‌కి రాయాల్సింది నేనే.

పుస్తకం తీశాను. ఉంది.
కిక్డ్ ద బకెట్.
ఎదురుగా నా చేతిరాతే: బాల్చీ తన్నేశాడు.
అర్థం సరే, స్పెల్లింగు సరే,
గ్రామరు తప్పు పట్టడానికి లేదు.
టైపు చేసి సెండు మీద వేలు పెట్టాను.

కింద తొడిమలు తీసే ఆడవాళ్ల మాటలు.
వలీ బాబాయి పోయాడంటే, అంటోంది ఒకామె.
ఎంత మంచోడో, అని ఇంకొకామె.
ఒక్కరూ బాల్చీ అనలేదు.
పోయిన నెల ఆ మాట అన్నది వలీయే,
పాత కాటా స్ప్రింగు తెగినప్పుడు,
దాన్నో తాపు తన్ని, పొట్ట పట్టుకుని నవ్వుతూ.
ఇనుముకి సరిపోయింది.

వెనక్కి కొట్టాను, ఒక్కో అక్షరం.
హీ డైడ్ ఆన్ ట్యూస్‌డే, అని రాశాను.
ఇంకేం తోచలేదు.
గంటలోపే జవాబు, ఎప్పుడూ లేనంత పొడుగ్గా.
అందులో ఒక్క మాటకీ
నేను పుస్తకం తెరవాల్సిన పని పడలేదు.

ఆ సాయంత్రం స్కేలు పెట్టి
ప్రతి పేజీలో మూడో గీత గీశాను,
ఎవరి ముందు, ఎప్పుడు, అని.
ఆ గడి నిండటం ఆలస్యమవుతోంది.
పించ్ ఆఫ్ సాల్ట్ పక్కన మాత్రం
ఎర్ర పెన్నుతో రాసి ఉంచాను:
వలీ నలిపి చూసిన సరుకు మీద
ఎవరన్నా ఈ మాట అంటే
నవ్వు బొమ్మ పంపకూడదు.