గరికన్న మళ్ళీ వచ్చినాడు

తొంభై ఆరు ఎండాకాలం
కుసుమా టాకీసుకు ‘ఇనుప వాన’ వచ్చినప్పుడు
చిత్తూరంతా తిరిగి చెప్పినోణ్ణి నేనే.
గుణశేఖర్ ఆటో, నా గొంతు, ఒక రేకు మైకు.
“రండి బాబూ రండి, ఆకాశం నించి ఇనుము కురస్తా ఉంది,
గొడుగులు ఇంట్లోనే పెట్టి రండి!”
కట్టమంచి నించి మురకంబట్టు దాకా
కుక్కలు కూడా వెంటపడేవి.

ఆ దొర అసలు పేరు గ్యారిక్ అంట.
మా నోట్లో పడి గరికన్న అయినాడు.
ఎడం చెయ్యి ఇనుముది.
పిడికిలి మూసినాడంటే కిర్ర్‌ర్ మని ఒక చప్పుడు,
నేల టికెట్టోళ్ళు తెర మీదికి చిల్లర విసిరేవాళ్ళు.
బెల్లం మండీ హమాలీలు మూడాటలూ అదే చూసి
మర్నాడు దిమ్మెలు ఎత్తేటప్పుడు
నోటితో ఆ చప్పుడే చేసేవాళ్ళు.

రెండో భాగం వచ్చింది, అదీ ఆడింది.
మూడోది మూడు రోజులు.
దాన్ని గురించి మేము మాట్లాడుకోము,
ఇంట్లో చెడిపోయిన పెళ్ళి మాదిరి.

ఇప్పుడు, ఇరవై నాలుగేండ్లకు, నాలుగోది.

టీ అంగట్లో పంచాయితీ.
“ముసిలోడయిపోయినాడప్పా, యాడ ఎగురుతాడు?”
“పేరు అమ్ముకుంటా ఉండారు, సరుకు లేదు.”
దస్తగిరి, రీళ్ళు తిప్పీ తిప్పీ బొటనేలు కాయ కాసిన ఆపరేటరు,
“చేపల పులుసు రెండో పొద్దుకే గదా రుచి” అన్నాడు.
“ఇరవై నాలుగేండ్ల పులుసు యాడన్నా తిన్నావా సామీ?” అన్నా.
నవ్వినాము.
నవ్వినాక కొంచేపు ఎవురూ గ్లాసు ఎత్తలా.

మొదటి రోజు, పొద్దునాట. హాలు సగం.
ఆ సగంలో సగం మేమే:
మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, కొత్త కండ్లద్దాలు.
గరికన్న మొగాన్ని కంప్యూటర్లో ఇస్త్రీ చేసినారు.
ముడతలు పోయినాయి, వాటితో మనిషీ పోయినాడు.
ఊళ్ళకు ఊళ్ళు కూలినాయి,
ఒక్క గోడకీ బరువు లేదు.
కొత్తగా ఒక పిల్ల, గరికన్న బిడ్డంట.
మూడు భాగాల్లో లేని బిడ్డ
యాణ్ణించి వచ్చిందో ఏడుకొండలోడికే ఎరుక.
పక్క సీట్లో పిల్లోడు ఫోన్ చూసుకుంటా ఉండాడు.
తప్పు వాడిది కాదు.

ఇంటర్వెల్ అయినాక ఒక చోట
గరికన్న ఒంటిగా బల్ల కాడ కూచోని
ఇనప చేతికి నూనె పోసుకుంటాడు.
మాట లేదు, మ్యూజిక్ లేదు.
ఇస్త్రీ చెయ్యడం ఈడ మరిచినారో ఏమో
చెంప మీద వయసు కనపడింది.
పిడికిలి మూసినాడు.

కిర్ర్‌ర్.

వెనక నించి ఎవురో,
ఎవురో ఏముంది, మండీ పళణే,
డెబ్బై ఏండ్ల గొంతుతో అదే చప్పుడు చేసినాడు.
చీకట్లో ఒక రూపాయి బిళ్ళ ఎగిరి
తెర దాకా పోలేక
మధ్య వరసల్లో పడి చానాసేపు దొర్లింది.
పిల్లోడు తలెత్తి “ఏంది తాతా అది?” అన్నాడు.
నేను నోరు తెరిచే లోపల
దస్తగిరి “ఉష్” అన్నాడు.

బతికినట్టా, కాదా అంటే ఏం చెప్పేది?
గరిక పేరు పెట్టుకున్నోడు గదా,
నీవా ఏటి గట్టున మాడి మసైపోయినా
నాలుగు చినుకులకు తలెత్తుతాడు అనొచ్చు.
కానీ అది మైకులో చెప్పే మాట.
మైకు మాటలు నేను ఇంటికి తీసుకుపోను.

ఎనిమిదో రోజు బొమ్మ ఎత్తేసినారు.
హాలు ఊడ్చేటప్పుడు దొరికిందని
దస్తగిరి కూతురు చాందిని ఆ రూపాయి తెచ్చి ఇచ్చింది,
ఎవురిదో అడగమని.
పళణి తనది కాదన్నాడు.
దస్తగిరి తల అడ్డంగా ఊపినాడు.
నేను విసరలేదు, నాకు తెలుసు.
మెరిసే బిళ్ళ, పోయినేడు అచ్చు.
చొక్కా జేబులో ఏసుకున్నా,
ఆ పిల్లోడు మళ్ళీ కనపడితే అడగాల.