ఎకో తీసేసి విను

కూర్చో ఎఫ్రాయిమూ.
ఉజ్జీవ సభలకి పదహారు బాక్సులు కావాలన్నావు,
బేస్ గుండెల్లో గుద్దాలన్నావు.
ఇస్తాను. కాదనడానికి నేనెవర్ని,
జనరేటర్ మీద ఇంకా ఏడు వాయిదాలున్నాయి.
అడ్వాన్సు లెక్కపెట్టేలోపు
ఒక మనిషి సంగతి చెప్పనీ.

సఖినేటిపల్లి రేవులో, పంటు మీద
టికెట్లు చింపే బొంతు గమలీయేలు తెలుసుగా?
తెలీదా! రోజూ ఆయన చేతికే చిల్లరిచ్చి
నర్సాపురం కాలేజీకి దాటుతున్నావు.
ఆయన పాటలు కడతాడు.
మిగిలిపోయిన టికెట్ల వెనక, బాల్ పెన్నుతో,
ఈ ఒడ్డున పల్లవి, ఆ ఒడ్డున చరణం.
గోదారి పోటు మీదుంటే
నడిమధ్యే ఆగిపోతుంది పాట.

ముప్పై ఏళ్ళుగా మైకులు కడుతున్నాను.
సత్తెమ్మ తీర్థానికీ, పీర్ల పండక్కీ, మీ కూటాలకీ
ఇవే తీగలు, ఇవే కొబ్బరిచెట్లకి.
నేను మీ సంఘం వాణ్ణి కాదు.
దేవుళ్ళందర్నీ చెవుల్తోనే ఎరుగుదును,
ఎడం చెవి ఇప్పటికే సగం పోయింది.
మిగిలిన సగం మీద ఒట్టు,
ఈయన్ని విను.

రికార్డు చేసింది ఈ కొట్లోనే,
షట్టర్ దించి, ఫ్యాన్ ఆపి,
కరెంటు వచ్చిపోయే రాత్రి.
అలవాటు కొద్దీ ఎకో తిప్పబోయాను.
చెయ్యి పట్టుకుని ఆపేశాడు:
"వద్దు బాబూ. ఆయనకి ఒక్కసారి చెబితే చాలు."

మొదట వరద పాట విను.
లంకలో మెడలోతు నీళ్ళొచ్చిన ఏడు
వాళ్ళన్న మేకలు పదకొండు కొట్టుకుపోయాయి.
ఆ పాటలో ఓడ ఉంది, నోవహు ఉన్నాడు,
జతలు జతలుగా ఎక్కే జీవాలున్నాయి.
ఎక్కని మేకలు కూడా ఉన్నాయి.
తలుపు మూసినవాణ్ణి చూసి ఒక పిల్లమేక
ఏమని అరిచి ఉంటుందో అంటాడు.
అంతే. జవాబు కట్టలేదు.
చివర హల్లెలూయ కోసం చూస్తావు నువ్వు,
రాదు.
కప్పలు వినిపిస్తాయి, బయట కాలవలోవి.
నేనే తీసెయ్యలేదు.

మీ పాస్టరుగారికి నచ్చదనుకున్నాను.
విని, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని
"ఇది కీర్తనల్లో ఉన్నదేనయ్యా,
మనం తిప్పేసి వెళ్ళిపోయే పేజీల్లో" అన్నారు.

తర్వాత మార్త పాట.
సభల వెనక పందిట్లో మూడొందల మందికి గంజి వార్చి
ఏటా చివరి ఆమేన్ మాత్రమే విన్న
వాళ్ళమ్మ సువార్తమ్మ ఉంటుంది అందులో.
యేసు ఆ పొగలోకి వచ్చి, పీట వాల్చుకుని
ఉల్లిపాయలు ఒలుస్తూ
ఆవిడ ఒక్కదానికే వాక్యం చెబుతాడు.
ఆ పాట వచ్చినప్పుడల్లా
మా ఆవిడ పొయ్యి తగ్గిస్తుంది.
ఎందుకని ఇంతవరకూ అడగలేదు.

తోమా పాట మాత్రం ఇప్పుడే వద్దు.
మీ నాన్న జ్ఞాపకార్థ కూటంలో
మైకు నీ చేతిలో పెట్టింది నేనే.
పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.
నీ వంతు సౌండు తగ్గించి
వెనక పిల్లల గొంతులు పెంచేశాను, ఎవరికీ తెలీలేదు.
అలాంటి రాత్రి మళ్ళీ వస్తే, అప్పుడు విను.
అందులో తోమా వేళ్ళకి చేపల వాసన.
ప్రభువు అతన్ని గద్దించడు,
చెయ్యి కడుక్కు రమ్మని కూడా అనడు.

ఇవి బాక్సుల్లో వెయ్యకు. చిట్లిపోతాయి.
ఫోన్లో పెట్టుకో.
పంటు ఇంజను ఆపేసి ఊరికే ఒడ్డుకి జారుతుంది చూడు,
ఆ కాస్సేపట్లో ఒకటి పడుతుంది.
ఆయన ఎదురుగానే ఉంటాడు, చిల్లర ఏరుకుంటూ.
పలకరించకు. సిగ్గుపడతాడు.

ఇదిగో పెన్ డ్రైవ్.
ఆదివారంలోపు తెచ్చెయ్యాలి,
వినాయక చవితి పాటలూ దాన్లోనే ఉన్నాయి.
అవునూ,
అడ్వాన్సులో అయిదొందలు తక్కువుందేంట్రా?