తూము కాడ ఆగి

కొత్తపేట ఇరిగేషన్ సెక్షన్లో
ఆయకట్టు రిజిస్టర్లు ఎక్కించిన కంప్యూటరు
రాత్రంతా కాపీ తీస్తూనే ఉంది.
పొద్దున వచ్చి చూస్తే
లంకలు లోపల కాలవలు, కాలవలు లోపల లంకలు,
మళ్లీ కాలవలు, మళ్లీ లంకలు...
పేరు తెర అంచు దాటిపోయింది.
డిస్కులో చోటు నిల్లు.

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవారెవరో
దగ్గరదారి అవుతుందని
లోపలి గదిలోంచి వీధి గుమ్మానికే
ఒక దొడ్డిదారి పెట్టారు.
నా కోడు దాన్నీ గదే అనుకుంది.
వెళ్లింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది.

అడిగించాను కూడా: నువ్వు లింకువా?
కాదు.
మరి ఫోల్డరువా?
అవును.
అబద్ధమేం ఆడలేదు, అది జంక్షనట.
రోజూ రావులపాలెంలో బస్సు మారేదాన్ని,
ఆ మాట నాకు తట్టకపోవడమేమిటి!

టీ తెచ్చిన లస్కరు తాతారావు
అర్థమైన మేరకే నవ్వాడు:
"నీళ్లెనకాల ఎల్తే అంతేనండి.
కాలవా నీళ్లే, మురుక్కోడూ నీళ్లే.
తూము కాడ ఆగి రాయి సూడాలి.
నెంబరు రాయి మీదుంటాది గానీ
నీళ్ల మీదుంటాదేటండి?"

రాయి చూశాను.
లోపలికి పోకుండా గుమ్మాన్నే అడిగే పిలుపొకటుంది,
పేరు ముందు ఒక్క ఎల్ అక్షరం ఎక్కువ.
అడిగితే చిన్న ట్యాగు చూపించింది:
ఇది ఇల్లు కాదు, ఇంటివైపు చాచిన వేలు.
వేలైతే రాసుకో, వెంటపడకు అని
మూడు లైన్లు చేర్చాను.
చెరిపేటప్పుడు మరీ జాగ్రత్త.
వేలు తీయబోయి
ఇల్లు కూల్చిన స్క్రిప్టుల సంగతి విన్నాను.

మధ్యాహ్నానికి లెక్క తేలింది, నలభై ఒకటి.
నలభై ఎక్కడో ఒకచోటికి చేరుతున్నాయి.
ఒకటి మాత్రం
చినగరువు లంక, సర్వే నెంబరు రెండొందల పన్నెండు.
అది చూపిన చోట ఏమీ లేదు.

ఖాళీ గ్లాసులు ఏరుతూ తాతారావు
"అదాండి" అన్నాడు.
"ఎనబయ్యారు వరదకి గోదారి కోసేసిందండి.
ఎకరం పాతిక సెంట్లు.
కాయితంలో మాయమ్మ పేరునే ఉంటాది ఇప్పటికీ."
గ్లాసులు బకెట్లో వేసి
లాకు తలుపెత్తే టైమైందని వెళ్లిపోయాడు.

తెర అడుగుతోంది:
గమ్యం లేని లింకు, తీసెయ్యనా?

ఆ ఒక్కదాన్నీ వదిలెయ్యమని
ఒక లైను ఎక్కువ రాశాను.
కామెంటులో కారణం పెట్టలేదు.
రేపు ఈ కుర్చీలో కూర్చునేవారు
నన్ను తిట్టుకుంటారు.