వేప పుల్ల

ముప్పై ఎనిమిదో ఏట చెవులు కుట్టించుకున్నాను,
మోండా మార్కెట్ వెనక గల్లీలో
తూనికరాళ్ల దుకాణాన్ని ఆనుకున్న అరుగు మీద.
కుట్టే ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ
"గింత పెద్దయినంక ఇప్పుడేందమ్మా?" అన్నాడు.
నేను నవ్వి ఊరుకున్నాను.

అడ్డగుట్టలో రేకుల కప్పు కింద మా మందిరం.
చాపల మీద మగవాళ్లు ఎడమ, మేము కుడి.
తెల్లచీర, బోసి మెడ, బోసి చెవులు,
పువ్వెరగని జడ.
దారిలో సినిమా పోస్టర్ ఎదురైతే
అమ్మ అరచెయ్యి నా కళ్ల మీద వాలేది.
ఆ చేతి ఉల్లిపాయ వాసనే
నేనెరిగిన మొదటి దైవభయం.

జ్వరమొస్తే మాత్ర లేదు.
నుదుట నూనె రాసి, చుట్టూ మోకాళ్లూని
గొంతులు బొంగురుపోయేదాకా ప్రార్థన.
నాకు తగ్గింది.
కెజియాకు తగ్గలేదు.
"ఈ ఇంట్లో ఎవరి విశ్వాసమో పల్చబడింది"
అన్నారు సంసోను అయ్యగారు
మా నలుగురి ముఖాలూ వరసగా చూస్తూ.
నాకప్పుడు పదకొండేళ్లు. నాదే అనుకున్నాను.
ఇరవై ఏళ్లు నాదే అనుకున్నాను.

వెళ్లిపోవడమంటే తలుపు చప్పుడు కావాలి కదా.
నాకలా జరగలేదు.
ఒక ఆదివారం చిలకలగూడ చౌరస్తాలో చెప్పు తెగింది.
కుట్టించుకునేసరికి ఆరాధన అయిపోయింది.
ఆకాశం ఉన్నచోటే ఉంది.
మరుసటి ఆదివారం చెప్పు తెగలేదు,
అయినా వెళ్లలేదు.
ఆ తర్వాత పేరు చదివి వెలివేశారట.
అప్పట్నుంచి అమ్మ నాతో కూర్చుని తినదు.
వడ్డిస్తుంది, గుమ్మంలో నిలబడుతుంది,
"ఇంకాస్త పప్పు వేసుకో" అంటుంది గోడవైపు చూసి.

దేవుణ్ణి వదిలానే గానీ
మోకాళ్లు నన్ను వదల్లేదు.
రాత్రి పదింటికి వాటంతటవే వంగేవి.
నోరు తెరిస్తే అయ్యగారి మాటలే వచ్చేవి,
ఆయన దగ్గుతో సహా.
అందుకని మూసుకున్నాను.
మూడేళ్లు ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు బ్లడ్ బ్యాంకులో రాత్రి డ్యూటీ.
కళ్లు మూసుకుని పాటల్లో పిలిచిన రక్తాన్ని
కళ్లు తెరిచి సంచుల్లో లెక్కపెడతాను,
లేబుల్ అంటించి, నాలుగు డిగ్రీల చలిలో పేరుస్తాను.
ప్లేట్‌లెట్లు మాత్రం చలికి ఓర్వవు.
వాటికో ఊగే అర ఉంది.
ఆయుష్షు ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ ఊగుతూనే ఉండాలి.

డెంగీ కాలం, ఆగస్టు వాన.
కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది.
నేనూ వాచ్‌మన్ గౌస్ భాయీ
సంచులు చేతుల్లోకి తీసుకుని ఊపుతూ నిలబడ్డాం,
నలభై నిమిషాలు, పసిపిల్లల్ని జోకొట్టినట్టు.
ఊపకపోయినా కొన్ని గంటలు తట్టుకుంటాయని
నేను చదువుకున్నాను.
అయినా ఊపాను.
ఆయన పెదాలు మెల్లగా కదులుతున్నాయి.
నావి కదల్లేదు, చేతులు కదిలాయి.
ఆ నలభై నిమిషాలకు
నేనింకా ఏ పేరూ పెట్టలేదు.

అరుగు మీద ముసలాయన
రెండు వేప పుల్లలు చెక్కి చెవుల్లో గుచ్చాడు.
"బంగారం ముచ్చట తర్వాత. ఇవి మటుకు తియ్యకు బిడ్డా,
ఖాళీగా ఇడిస్తే పూడుకపోతది.
దినాం జరంత తిప్పుతుండు."

తిప్పుతున్నాను. నొప్పి. చీము.
నూనె రాయమన్నారు డ్యూటీలో అందరూ.
నూనె అనగానే వేలు వణికి
సీసా మూత పెట్టేశాను.

నిన్న అమ్మ చూసింది.
ఏమీ అనలేదు.
గరిటెలో కొబ్బరినూనె వెచ్చబెట్టి తెచ్చి
నా తల పక్కకు వంచి రాసింది.
ఆమె పెదాలు కదిలాయో లేదో తెలియదు,
ఈసారి కళ్లు నేనే మూసుకున్నాను.
ఉల్లిపాయ వాసన.

కుడి చెవి మానింది.
ఎడమది ఇంకా పచ్చిగానే ఉంది.