యా

పొద్దున్నే ఆరున్నరకి లియెన్
పెరటి గట్టుమీద జడ అల్లుకుంటూ కాలవకేసి చూస్తుంది.
మీ ఊళ్ళోనూ ఇలాగే నిండుగా పారుద్దా అంటే
యా అంటుంది.
ఇడ్లీ పెట్టనా? యా.
పచ్చడి కారమా? యా.

వియత్నాం నించి రొయ్యల రోగాలు చదవడానికొచ్చిన పిల్లకి
పెద్దంతరం చిన్నంతరం లేదని
మా అత్తగారు సుభద్రమ్మ మూడువారాలు మూతి ముడుచుకుంది.
చేపలు ఊరబెట్టి తీసిన ఎర్రనీళ్ళ సీసా ఒకటి తెచ్చుకుందా,
దాన్ని మాగాయ జాడీ పక్కన పెట్టనివ్వలేదు.
మెట్లకింద, గొడుగుల దగ్గర.

ఏడుంబావుకి భీమవరం బస్సు.
సాయంత్రం చెరువు బురదతో తిరిగొచ్చి
తన చెప్పులతోపాటు మావీ కడిగి బోర్లిస్తుంది.
వద్దన్నా వినదు.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
వసారాలో ఫోను వెలుగు, అందులో వాళ్ళమ్మ మొహం.
ఈ పిల్ల తల వంచి, నడుం కూడా కాస్త వంచి
యా... యా...
ఎంత మెత్తగానో.

విసనకర్ర ఆపి చెవి ఒగ్గింది అత్తగారు.
"ఇంగిలీషు కాదే అది," అంది నెమ్మదిగా,
"మన ఆయ్."

తెల్లారేసరికి అలమారలో జాడీలు జరిగాయి,
సీసాకి జానెడు చోటు.
మూతకి మాత్రం గుడ్డ రెండు చుట్లు చుట్టి బిగించింది.
వాసన వాసనే కదా.

"మామ్మగారూ, అన్నం తిన్నావా?"
గారూ అంటూనే నువ్వనేస్తుంది లియెన్, వచ్చీరాని తెలుగులో.
నేను నాలిక్కరుచుకునే లోపే
ఆవిడ తమలపాకు దవడకి తోసి
యా, అంటుంది.