ఒక కన్నా, రెండు కళ్ళా

గడియారం సెంటర్ల పంటి దవాఖాన.
మెట్లెక్కంగనే కుడి పక్క అద్దాల తొట్టి.
సముద్రం నల్లగొండకు ఎంత దూరమో
ఎన్నడు కొలవలె గని
ఇరవై లీటర్ల క్యానుకు ఏడువందల గ్రాముల ఉప్పు
నా చెయ్యికి తెలుసు.

ఇయ్యాల షట్టరు లేపి లైటేస్తే
రెండు జోకరు చేపలల్ల చిన్నది
పంపు ఎనుక మూలకు నక్కింది.
గింజలేస్తే పెద్దది బుక్కింది,
ఇది మూతి తిప్పుకున్నది.

నుస్రత్ మేడం పదింటిదాంక రాదు.
అప్పటిదాంక ఈడ డాక్టర్ని నేనే,
సైదులును, ఊడ్చేటోన్ని, టోకెన్లిచ్చేటోన్ని.

సెల్లు లైటు పక్కకెల్లి కొట్టి చూడాలె.
ఎదురుంగ కొడితె బెదురుతది.
ఒంటి మీద ఉప్పు చల్లినట్టు
పలుకులు పలుకులుంటె ఒక రోగం.
పలుకులు గాకుండ, జల్లెడ పట్టిన పిండి లెక్క
సన్నగ మెరిస్తె ఇంకోటి,
దానికి రేపన్నది లేదు, మాపే.
తోలు మీద చీమిడి పొరలు పొరలుగ ఊడుతుంటే
ఈ జాతినే వెతుక్కుంటొచ్చే జబ్బు.
పోయిన వానకాలం గదే వచ్చింది,
ఒక్క పూటల జంటను మింగింది.
నేను అద్దం మురికైందనుకున్న.
అవి సచ్చేదాంక
అద్దం తుడుస్తనే ఉన్న.

ఇయ్యాల పలుకుల్లేవు, పిండి లేదు, పొర లేదు.
మూడు తెల్ల పట్టీలు ఇస్త్రీ చేసినట్టున్నయి.
గోడ గడియారం చూసుకుంట మొప్పలు లెక్కపెట్టిన,
జర ఎక్కువ, భయపడేటంత గాదు.
తోక అంచు చినిగింది. గది పెద్దదాని పని,
ఆడది అదే, ఇల్లు దానిదే.
గప్పుడు ఇటు మర్లింది:
ఎడమ కన్ను నానిన శనగ గింజ లెక్క
ఉబ్బి బయటికొచ్చింది.

"ఏమైందిర దానికి?"
బల్ల మీద ఏడో టోకెను, మారయ్య.
మర్రిగూడ దిక్కుకెల్లి మొదటి బస్సుకొచ్చి
కట్టె గోడకానిచ్చి కూసున్నడు.
"కన్ను ఉబ్బిందే తాత."
"ఒకటా, రెండా?"

నేను ఆగిన.
హైదరాబాదుల చేపల దుకాణం పిలగాడు
నాకు నేర్పిన తొలి మాట గదే.
ఒక కన్నుబ్బితే దెబ్బ, రాయికో దేనికో గుద్దుకున్నట్టు.
రెండూ ఉబ్బితే
చేపను ఇడిసిపెట్టు, నీళ్ళు జూడు.

"ఒక్కటే."
"అయితె దెబ్బ," అన్నడు
రెండు మోకాళ్ళ మీద రెండు చేతులు పెట్టి.
అవి సాగయి. మెడ తిరగదు,
తొట్టి దిక్కు చూడాలంటె మనిషంత తిరగాలె.
"నన్ను ముగ్గురు డాక్టర్లు అడిగిన్రు
యాడ పడ్డవ్, ఎన్నడు పడ్డవ్ అని.
రెండు కాళ్ళు ఒక్క తీరుగ
ఎట్ల పడ్త బిడ్డా?"

క్యాన్ల దిక్కు చూసి మళ్ళ అడిగిండు,
"ఈ నీళ్ళు యాడియి?"
"ఫిల్టరుయి. రెండుసార్లు వడగట్టి
మీటరు సున్న చూపినంకనే ఉప్పేస్త."
"మా బోరు నీళ్ళు పోస్తె?"

మీటరు కడుగుతున్నట్టు చేసిన.
ఆయన నవ్విండు.
చిన్నప్పుడు తాగిన నీళ్ళు
పండ్ల మీద గోధుమ చారలై ఇంక అట్లనే ఉన్నయి.

దెబ్బకు మందు లేదు, ఓర్పు తప్ప.
సగం లైటార్పిన.
మొన తేలిన రాయిని బోర్లేసిన.
పెద్దదాన్ని జాలి బుట్టల పెట్టి
పావు వంతు నీళ్ళు మార్చిన.
కోపంతోని అది బుట్టను పొడుస్తనే ఉన్నది.

మేడం వచ్చింది. ఆరో టోకెను లోపలికి పోయింది.
ఏడు పిలిచే ముందల
వెల్లుల్లి రసంల నానిన గింజ ఒకటి ఏసిన.
చిన్నది మూలకెల్లి వచ్చింది,
ఎడమ దిక్కుకెల్లి అందుకోబోయి తప్పింది,
తిరిగి కుడి కన్నుతోని చూసుకొని పట్టింది,
ఉమ్మేసింది,
మళ్ళ మింగింది.

నీళ్ళ బుక్కుల రాసిన:
ఎడమ కన్ను. దెబ్బ. ఒక గింజ.

టోకెన్ల బుక్కుల ఏడో నంబరు ముందల
బాధ ఏంది అన్న గడి ఉంటది.
అరపన్ను అని రాసిన.
గడి ఇంక సగం ఖాళీగనే ఉన్నది.